నాలుగు నెలలు ఆలస్యంగా చూసుకున్నాను

అమ్మను కూకట్‌పల్లి నుంచి నిమ్స్‌కి తీసుకెళ్లే ముందు రోజు రాత్రి పర్సు సర్దుతుంటే కనిపించింది: నా లైసెన్స్ గడువు దాటి నాలుగు నెలలైంది. నాలుగు నెలలు అలాగే బండి నడిపానా! ఏదైనా జరిగి ఉంటే ఇన్సూరెన్స్ సంగతేంటని ఒకటే టెన్షన్. తెల్లారి ఆటోలోనే వెళ్లాం.

లైసెన్స్ తీసుకున్నది ఖమ్మంలో. సెలవు పెట్టి ఊరెళ్లాలేమో అనుకున్నాను. అక్కర్లేదు, ఉన్నచోటే రెన్యువల్ చేసుకోవచ్చు. గడువు ముగిసిన ఏడాదిలోపు అయితే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ కూడా ఉండదు. గడువు తీరాక కూడా 30 రోజులు లైసెన్స్ చెల్లే పాత వెసులుబాటు మాత్రం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో పోయింది. అంటే గడువు తీరిన మర్నాటి నుంచే బండి తీయకూడదు. ఇది చాలామందికి తెలియదు.

నాకు నలభై దాటాయి కాబట్టి రెన్యువల్ దరఖాస్తుతో పాటు డాక్టర్ సంతకం చేసిన ఫారం 1ఎ, అంటే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. మా వీధి డాక్టర్‌గారు ఊరికే సంతకం పెట్టలేదు. 25 మీటర్ల దూరంలోని కారు నంబర్ చదవగలనా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. నన్ను గేటు బయట నిలబెట్టి నిజంగానే చదివించారు. ఆయనంటే గౌరవం పెరిగింది.

కొత్త కార్డు వచ్చేవరకు మెట్రోలోనే తిరిగాను. అన్నయ్యకి ఫోన్ చేసి తన లైసెన్స్ తేదీ కూడా చూసుకోమన్నాను.