బాక్లోఫెన్ మాత్ర, కర్నూలు అవ్వ, మా పెద్దోడు

మా ఇంట్లో మందు మొదలుపెట్టేది డాక్టరు, ఆపించేది చుట్టాలు. ఎగతాళికి అనడం లేదు, నేనూ కర్నూలులో పుట్టి పెరిగినదాన్నే. "నొప్పి తగ్గింది గదా, ఇంకెందుకు మింగేది?" అంటూ మా అమ్మ సగం షీటు అలమారలో పడేయడం చిన్నప్పటి నుంచీ చూశాను. కొన్ని మందుల విషయంలో అలా చేసినా ఏమీ కాదు. మా పెద్దోడి మాత్రతో మాత్రం ఆ ఆట కుదరదు.

వాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలోనే మెదడుకు దెబ్బ తగిలి కదలికలు అదుపు తప్పే సమస్య. కాళ్ల కండరాలు బిగుసుకుపోతాయి. బ్రేసులు వేసుకుని నడుస్తాడు, డల్లాస్‌లో హైస్కూలుకు వెళ్తాడు, నాతో తెలుగులోనే పోట్లాడతాడు. ఆ బిగుతు కోసం ఏళ్లుగా రోజుకు మూడు పూటలా బాక్లోఫెన్ వేసుకుంటున్నాడు. బిగుతు తగ్గుతుంది గానీ మగత వస్తుంది. మధ్యాహ్నం క్లాసులో తల వాలిపోతోందని, ఈ మందు మానేస్తానని వాడే డాక్టరుకు చెప్పాడు. అదీ నన్ను కాసేపు బయట కూర్చోమని పంపించాక. అమెరికాలో ఈ వయసు పిల్లలతో డాక్టర్లు కొంతసేపు విడిగా మాట్లాడతారు. తెలిసిన పద్ధతే అయినా నా కడుపులో దేవినట్టయింది. మా ఊళ్లో అయితే పిల్లాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి, వాడి కడుపునొప్పి గురించి కూడా మనమే చెప్తాం.

డాక్టరు వద్దనలేదు. ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు, మెట్టు మెట్టుగా దిగాలి అంది. ఈ మందు వెన్నుపాములో నరాల దూకుడుకు ముకుతాడు వేస్తుంది. ఏళ్ల తరబడి అది ఉండటానికి ఒళ్లు అలవాటు పడ్డాక ఠక్కున తెంపితే నరాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. బిగుతు మునుపటికన్నా ఎక్కువై తిరిగొస్తుంది, జ్వరం, తికమక, లేనివి కనిపించడం, ఒక్కోసారి ఫిట్స్. 1962లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో ఈ మందును తయారుచేసింది మూర్ఛరోగం కోసమే. ఆ రోగానికి పెద్దగా పనికి రాలేదు, కండరాల బిగుతుకు పనికొచ్చింది. ఇప్పుడు ఠక్కున ఆపితే ఫిట్స్ వస్తాయని దాని మీదే హెచ్చరిక. పైగా మూడు నాలుగు గంటల్లోనే ఒంట్లోని మందు సగానికి పడిపోతుంది కాబట్టి వరసగా పూటలు తప్పితే ఒకటి రెండు రోజుల్లోనే తేడా బయటపడొచ్చు.

ఇదంతా తేలేసరికి వేసవి సెలవులొచ్చాయి, కర్నూలు టికెట్లు అప్పటికే తీసి ఉన్నాయి. డాక్టరు మధ్యాహ్నం డోసు కాస్త తగ్గించి, తిరిగొచ్చేదాకా ఆ డోసు దగ్గరే ఆగమంది.

మా అమ్మకు ఇది అర్థం కాలేదు. "ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, బడి లేదు, చూసుకోడానికి మేమున్నాం. ఈడే ఆపేయండి" అంది. వినడానికి మంచి మాటే. మావాడు "అట్లా ఆపితే ఫిట్స్ వస్తాయవ్వా, నేను ఆపను" అన్నాడు. వాడి లెక్కలో అది ఉన్న సంగతి చెప్పడం. మా చిన్నాయన లెక్కలో పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం. అమెరికా పెంపకం అన్న మాట ఎలాగూ వచ్చింది, దాన్ని ఉగ్గాని ప్లేటుతోపాటు మింగేశాను. వాణ్ని మాత్రం నోరు మూసుకోమనలేదు. ఆ ఒళ్లు వాడిది.

పక్కింటి వదిన ఇంకో మెలిక పెట్టింది. "నేనూ కండరాల మాత్రలే మింగినా, మూడోనాడు ఆపేసినా. ఏమైంది?" షీటు తెప్పించి చూస్తే అది నడుంనొప్పికి రాసిన ఎసిక్లోఫెనాక్, థయోకాల్చికోసైడ్ కలిపిన మాత్ర. దాన్ని రాసేదే కొద్ది రోజులకు. కండరాల మాత్రలన్నీ ఒకటి కావు. టిజానిడిన్ ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడి ఠక్కున ఆపితే బీపీ, గుండెదడ ఎగిరిపడతాయి. డయాజిపామ్ చాలాకాలం వాడి ఆపితే ఫిట్స్ భయం దానికీ ఉంది. అందుకే మందు పేరు తెలియకుండా ఎవరి అనుభవమూ ఎవరికీ పనికిరాదు.

అమ్మను ఒప్పించింది మాత్రం ఇవేవీ కావు, ఎండ. కర్నూలు ఎండాకాలంలో పిల్లాడికి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అందరూ అనేది ఒకటే: వడదెబ్బ. తడిగుడ్డ, మజ్జిగ, గ్లూకోజు నీళ్లు. బాక్లోఫెన్ ఠక్కున ఆగినా ముదిరితే అచ్చం అలాగే కనిపిస్తుంది. ఏది ఏదో తేల్చుకోడానికి డాక్టర్లే తడుముకుంటారు, మన వల్ల ఏమవుతుంది? "రెండూ కలిసి వస్తే ఎట్లా చెప్పేదమ్మా?" అన్నాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు గానీ, మర్నాటి నుంచి "మాత్ర వేసుకున్న్యావా నాయనా" అని అడగడం మొదలుపెట్టింది.

ప్రయాణం గురించి ఒక మాట. మాత్రలు సూట్‌కేసులో వేయకండి, చేతిసంచిలోనే ఉంచండి, కావలసినదానికన్నా కొన్ని ఎక్కువ. మందుల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకోండి. మన ఊరి షాపుల్లో కంపెనీ పేర్లు వేరు. వేసవిలో డల్లాస్ కన్నా కర్నూలు పదిన్నర గంటలు ముందుంటుంది, అంటే పూటలు దాదాపు తలకిందులవుతాయి. ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరు చేత రాయించుకుంటే హైదరాబాద్‌లో దిగాక, మళ్లీ రోడ్డు మీద దాదాపు రెండు వందల కిలోమీటర్ల ప్రయాణంలో టెన్షన్ ఉండదు. ఎంత తగ్గించాలో, ఎన్ని వారాలకో నన్నడగకండి. మా పట్టిక మావాడి బరువుకూ డోసుకూ రాసింది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క ఇంకా వేరు.

తిరిగొచ్చాక మిగతా మెట్లు దిగాం. రాత్రి నిద్ర, పిక్కల పట్లు, నడక, అన్నీ వాడే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఒకసారి పట్లు మరీ ఎక్కువైతే ఫోన్ చేశాం, డాక్టరు వెనకటి డోసుకు వెళ్లి ఇంకొన్నాళ్లు ఆగమంది. మా చిన్న కూతురికి ఆ నోట్‌బుక్ మీద కన్ను, స్టిక్కర్లన్నీ దాని పనే. పగటి డోసులు పోయాయి. రాత్రిది ఉంచమని వాడే అడిగాడు, లేకపోతే పిక్కలు పట్టి నిద్ర చెడుతోందట. డాక్టరు సరేనంది. పూర్తిగా మానలేదేమని అమ్మ ఆదివారం ఫోన్లో ఇప్పటికీ అడుగుతుంది. నేను ఫోన్ వాడికే ఇస్తాను, చెప్పుకునేది వాడే.