కాలేజ్ స్ట్రీట్‌లో ఒకప్పటి పిల్లల ఆసుపత్రి

టొరొంటోలో క్వీన్స్ పార్క్ మెట్రో స్టేషన్ నుంచి బయటికొచ్చి కాలేజ్ స్ట్రీట్‌లో తూర్పు వైపు కాస్త నడిస్తే, 67వ నంబరు దగ్గర ఎర్రరాతి భవనం ఒకటి కనిపిస్తుంది. బరువైన కమాను, మందమైన గోడలు. ఇప్పుడది రక్తదానం చూసే కెనడియన్ బ్లడ్ సర్వీసెస్‌ది. 1892లో కట్టింది మాత్రం జబ్బుపడ్డ పిల్లల కోసం. నేను వెళ్ళింది దాన్ని చూడటానికే.

ఆసుపత్రి అంతకుముందే ఉంది. 1875లో ఎలిజబెత్ మెక్‌మాస్టర్ మరికొందరు ఆడవాళ్ళతో కలిసి అద్దె ఇంట్లో మొదలుపెట్టారు. ఈ పెద్ద భవనం వెనకున్న మనిషి జాన్ రాస్ రాబర్ట్‌సన్, ‘ఈవెనింగ్ టెలిగ్రామ్’ పత్రిక యజమాని. 1881లో ఆయన కూతురు ‘స్కార్లెట్ ఫీవర్’ అనే అంటుజ్వరంతో పోయింది. ఆ తర్వాత 1918లో కన్నుమూసేదాకా ఆయన ఈ ఆసుపత్రిని వదల్లేదు. ఆ కమాను కింద నిలబడి ఆ తండ్రి గురించే ఆలోచించాను.

పాల సంగతి కూడా ఇక్కడిదే. ఆ రోజుల్లో పచ్చిపాల వల్ల పసిపిల్లలకు క్షయ, విరేచనాలు వచ్చేవి. 1909 నాటికే ఇక్కడ పాలను పాశ్చరైజ్ చేసి పిల్లలకు పట్టేవారు. అంటారియో రాష్ట్రమంతటా అది తప్పనిసరి అయింది 1938లో!

నన్ను ఎక్కువగా కదిలించింది 1937 పోలియో. ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లల్ని బతికించేది ఐరన్ లంగ్. తల మాత్రం బయట ఉంచి, ఒంటిని గాలి చొరబడని పెట్టెలో పెడతారు. లోపల పీడనం తగ్గించగానే ఛాతీ విచ్చుకుని గాలి లోపలికి వెళుతుంది. ఆసుపత్రిలో అలాంటిది ఒక్కటే ఉండేది. పిల్లలు వస్తూనే ఉన్నారు. సూపరింటెండెంట్ జోసెఫ్ బోవర్, సిబ్బంది కలిసి నేలమాళిగలోని వర్క్‌షాపులో ముందు చెక్కతోనే ఒకటి తయారు చేశారు. తర్వాత ఆరు వారాల్లో లోహంతో 27 చేశారు. పోలియో చుక్కల కాలంలో పెరిగిన మనకు ఆ టెన్షన్ ఊహకే అందదు. నాకైతే ఈ భవనంలో అసలు చూడాల్సింది ఆ నేలమాళిగే.

1951లో ఆసుపత్రి పక్కనే యూనివర్సిటీ అవెన్యూలోని కొత్త భవనానికి మారింది. సిక్‌కిడ్స్ పేరుతో ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. టొరొంటో వెళ్ళే మనవాళ్ళు సీఎన్ టవర్ చూసొచ్చే రోజే ఈ వీధికీ ఒక గంట కేటాయించుకోవచ్చు.