రాయగడ బ్రాంచిలో 802.1ఎక్స్: అన్నీ లొంగాయి, ప్రింటర్ తప్ప

మొత్తానికి అయింది: గుర్తింపు చూపిన మెషీన్‌కే స్విచ్ పోర్టు తెరిచే 802.1ఎక్స్ మా బ్రాంచిలో పెట్టాం. ఇక ఎవరుపడితే వాళ్లు ల్యాప్‌టాప్ తెచ్చి గోడ పోర్టులో గుచ్చితే నెట్‌వర్క్ రాదు.

ఎవరిని లోపలికి వదలాలో తేల్చే రేడియస్ సర్వర్ తేలికే: స్విచ్‌లో దాని ఐపీ, సీక్రెట్ కీ, 1812, 1813 పోర్టులు ఇస్తే చాలు. విండోస్‌లో కేబుల్ మీద 802.1ఎక్స్ నడిపే వైర్డ్ ఆటోకాన్ఫిగ్ సర్వీసును గ్రూప్ పాలసీతో, అంటే అన్ని మెషీన్లకీ ఒకేచోటి నుంచి, ఆటోమేటిక్ చేయాలి. మెషీన్ గుర్తింపుగా చూపే సర్టిఫికెట్లు ఆఫీసు డొమైన్ నుంచి వాటంతటవే దిగాయి. పాత డెస్క్‌టాప్‌లు కొన్ని మొరాయించాయి. ఇక్కడ కరెంటు సంగతి తెలిసిందే. బోర్డు మీది సీఆర్2032 సెల్లు చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, ఆ తేదీకి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేసుకోవాలంటే నెట్‌వర్క్ కావాలి, నెట్‌వర్క్ కావాలంటే తేదీ సరిగ్గా ఉండాలి. సెల్లు మార్చండి, వేరే దారి లేదు.

ఏడిపించింది డిస్పాచ్ గది ప్రింటర్. పాతది, దానికి 802.1ఎక్స్ రాదు కాబట్టి దాని నెట్‌వర్క్ కార్డు నంబరు, అంటే మ్యాక్ అడ్రస్ చూసి వదలాలి. అదే మ్యాబ్ (మ్యాక్ అథెంటికేషన్ బైపాస్). మ్యాక్ లిస్టులో ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు, అయినా పొద్దున్నే ప్రింట్ రాదు. లారీలు గేటు దగ్గర, చలాన్లు కంప్యూటర్లో. హెడ్డాఫీసు వాళ్లది ఒకటే మంత్రం: కేబుల్ మార్చి చూడండి. లాగ్ తెరిచే ఓపిక లేదు వాళ్లకి.

సిస్కో స్విచ్ మామూలు సెట్టింగులో ముందు 802.1ఎక్స్ అడిగి 30 సెకన్లు ఆగుతుంది, ఇంకో రెండుసార్లు అడుగుతుంది. మ్యాబ్ మొదలయ్యేది 90 సెకన్ల తర్వాత. ఆలోగా ప్రింటర్ ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీని అడిగి విసిగి, తనంతట తానే ఇక్కడ పనికిరాని 169.254 అడ్రస్ పెట్టుకుంటుంది. ఆ ఆగే సమయాన్ని (టీఎక్స్-పీరియడ్) 10కి దించితే 30 సెకన్లలో తేలింది.

మధ్యాహ్నానికి మళ్లీ మాయం! నిద్రలో ప్రింటర్ ఒక్క ప్యాకెట్టూ పంపదు. అలా ఊరుకున్న సెషన్‌ని స్విచ్‌లోని ఇనాక్టివిటీ టైమర్ తీసేస్తుంది, పోర్టు మూసుకుంటుంది, లేపే ప్రింట్ జాబ్ కూడా ప్రింటర్ దాకా పోదు. ఆ పోర్టుకి టైమర్ తీసేసి, కంట్రోల్-డైరెక్షన్ 'ఇన్' పెట్టాలి, అంటే ప్రింటర్ నుంచి స్విచ్‌లోకి వచ్చేదాన్నే ఆపాలి. అప్పుడు స్విచ్ వైపు నుంచి జాబ్ వెళ్లి దాన్ని లేపుతుంది. పోర్టు స్టాటిక్ వీల్యాన్ (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగం) కూడా ప్రింటర్లదే ఉండాలి, లేకపోతే జాబ్ ఇంకెక్కడికో పోతుంది.

మ్యాక్‌ని ఎవరైనా కాపీ కొట్టగలరు. కాబట్టి ఆ వీల్యాన్‌కి ప్రింట్ సర్వర్ నుంచి జాబులు వచ్చే 9100 పోర్టు, డీహెచ్‌సీపీ తప్ప ఏదీ వదలొద్దు. మొదట ఎవరినీ ఆపకుండా చెక్ మాత్రమే చేసే ఓపెన్ మోడ్‌లో నడిపి, లాగ్‌లో ఫెయిలయ్యేవి ఏరి, ఆ తర్వాతే మూయండి. ఫోన్లు మాత్రం లిస్టులో ఎక్కించొద్దు, మేనేజరుగారిదైనా సరే. మ్యాక్‌లో రెండో అంకె 2, 6, ఎ, ఇ అయితే అది ఫోన్ కల్పించుకున్న అడ్రసే, ఎప్పుడైనా మారిపోవచ్చు. గెస్ట్ వైఫై చూపించండి.