పేపర్ వన్‌లో శాంపిల్ సైజు నాకు ఎట్లా అర్థమైందంటే

యూజీసీ నెట్, అంటే లెక్చరర్ ఉద్యోగాల అర్హత పరీక్షకి ప్రిపేర్ అయ్యే ఫ్రెండ్స్ కోసం రాస్తా ఉన్నా, ముఖ్యంగా దాని పేపర్ వన్‌లో వచ్చే రీసెర్చ్ ఆప్టిట్యూడ్ (పరిశోధన పద్ధతుల భాగం) చూసి భయపడేవాళ్ళకి. శాంపిల్ సైజు అంటే సర్వేలో ఎంతమందిని అడగాలి అనే లెక్క. నేను తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర రూమ్ తీసుకుని చదివినా. ఫస్ట్ అటెంప్ట్ అప్పుడు నాకు క్లాస్ చెప్పిన సార్ ఒకాయన జనాభాలో పది శాతం తీసుకుంటే చాలన్నాడు, నేను అదే పట్టుకుని పోయినా, ప్రశ్న పోయింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, 200 మందిలో 20 మంది అంటే చాలా తక్కువ, పది లక్షల్లో లక్ష మంది అంటే అంత అవసరమే లేదు.

శాంపిల్ సైజుల టేబుల్ బట్టీ పట్టొద్దండీ, ఒక్కసారి చేత్తో లెక్క చేయండి. 95 శాతం కాన్ఫిడెన్స్, అంటే మన ఫలితం మీద ఎంత నమ్మకం కావాలో దానికి వాడే అంకె 1.96, దాని స్క్వేర్ 3.8416. పి అంటే జనంలో మనం వెతికే లక్షణం ఉన్నవాళ్ళ వాటా, మనకేమీ తెలియనప్పుడు దాన్ని 0.5 పెడతాం, ఎందుకంటే ఎక్కువ శాంపిల్ అడిగేది అదే. 3.8416ని 0.25తో (పి ఇంటూ ఒకటిలోంచి పి తీసేసింది, అంటే 0.5 × 0.5) గుణించి, 5 శాతం ఎర్రర్ (జవాబు అటూ ఇటూ ఎంత తప్పొచ్చో అది) స్క్వేర్ 0.0025తో భాగిస్తే 384.16, అంటే 385 మంది. ఎర్రర్ సగానికి తగ్గించాలంటే శాంపిల్ రెండింతలు కాదు, నాలుగింతలు, 1537.

ఇప్పుడు క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో ఇచ్చిన టేబుల్ చూడండి, ఎంత జనాభాకి ఎంత శాంపిల్ కావాలో అందులో ఉంటుంది. 1000 మందికి 278, 10,000కి 370, పది లక్షలకి 384. 10,000 నుంచి పది లక్షలకి జనం వంద రెట్లు పెరిగినా శాంపిల్ పెరిగింది 14 మందే! అది చూసినరోజు నాకు నిద్రపట్టలేదు, నిజంగా అంత సంతోషం.

అయితే నంబర్ ఒక్కటే చాలదు, ఎవర్ని అడిగామన్నదీ ముఖ్యమే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా, గిన్నె పెద్దదైనా అంతే. కానీ పులిహోర సరిగ్గా కలపకుండా ఒక మూల నుంచి తీసి రుచి చూస్తే పులుపు ఎంతో తెలుస్తుందా? అలిపిరి మెట్ల దగ్గర నిలబడి 385 మంది భక్తుల్ని అడిగితే నంబర్ సరిపోతుంది, బస్సులో కొండెక్కే పెద్దవాళ్ళు మాత్రం ఒక్కరూ రారు. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రికకి దాదాపు 24 లక్షల జవాబులొచ్చినా లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది, గెలిచింది రూజ్వెల్ట్. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ లిస్టుల నుంచి ఎక్కువ పేర్లు తీసుకున్నారు, పైగా జవాబు పంపనివాళ్ళు చాలామంది.

జవాబు రానివాళ్ళని మర్చిపోవద్దు. పది మందిలో ఏడుగురే ఫారం తిరిగి ఇస్తారనుకుంటే, 385ని 0.7తో భాగించి 550 ఫారాలు పంచాలి.