ఆవకాయ ఊట ఎక్కణ్ణుంచి వస్తుంది?

పోయినేడు నాన్నకి బీపీ అని ఆవకాయలో ఉప్పు నేనే తగ్గించా. అమ్మ వద్దంది, "ఉప్పు తగ్గితే జాడీ నిలవదురా" అని రెండుసార్లు చెప్పింది, నేను వింటేగా, కొలతలో మూడో వంతు కోసేశా. శ్రావణం వచ్చేసరికి పైన తెల్లగా బూజు. జాడీ జాడీ పారబోశాం. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బాగుండేది.

ఈ ఏడు మళ్ళీ పెట్టారు, ఈసారి నన్ను కొలతల దగ్గరికి రానివ్వలేదు లెండి. మూడోరోజు తిరగకలుపుతుంటే మా అక్క కూతురు, తొమ్మిదో క్లాసు, పక్కన కూర్చుని చూస్తా అడిగింది: "మామయ్యా, అమ్మమ్మ ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచింది, చుక్క నీళ్ళు తగలనివ్వలా, మరి ఇంత ఊట ఎక్కడిది?" తమాషా ఏంటంటే ద్రవాభిసరణం (పొర గుండా నీళ్ళు ఉప్పు ఎక్కువున్న వైపుకి పోవడం) నిర్వచనం అడిగితే ఈ పిల్ల గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పేస్తుంది. జాడీలో ఉన్నదీ అదేనని ఎవరూ చెప్పలా, పరీక్షలో ఆవకాయ రాదుగా.

ముక్క అంటే కోట్ల కొద్దీ కణాలు. ఒక్కో కణంలో రిక్తిక అని ఓ పెద్ద సంచి, దాన్నిండా పుల్లటి నీళ్ళు. కణం చుట్టూ ఓ పలచటి పొర, దాని బయట గట్టి గోడ. ఆ పొర ఎంత పలచనంటే పదివేల పొరలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే సుమారు ఒక తలవెంట్రుక మందం వస్తుంది. అది కొవ్వుతో చేసిన పొర, రెండు వరసలు, అందుకే ఉప్పు దాంట్లోంచి దూరలేదు. నీళ్ళు మాత్రం దాటతాయి, కొన్ని నేరుగా, ఎక్కువగా నీళ్ళ కోసమే ఉన్న సన్నటి ప్రోటీన్ గొట్టాల్లోంచి. ఈ గొట్టాల్ని పీటర్ ఆగ్రీ అనే ఆయన ఎర్ర రక్తకణాల మీద వేరే ప్రోటీన్ వెతుకుతూ ఉంటే అనుకోకుండా పట్టుకున్నాడు, 2003లో నోబెల్ ఇచ్చారు.

సరే, ముక్కకి బయట అంత ఉప్పు పట్టించాం, ఉప్పు లోపలికి రాలేదు కాబట్టి లోపలి నీళ్ళే బయటికి పోతాయి, అదే ఊట. మరి పొర అంత కచ్చితమైనదైతే ఊట పుల్లగా ఎందుకుంది అంటారా, కత్తిపీట కింద తెగిన కణాలు కొన్ని, నీళ్ళు పోయి చచ్చిన కణాలు కొన్ని. కణం చచ్చాక పొర పనిచెయ్యదు, తలుపులు ఊడిన ఇల్లే ఇక, పులుపు బయటికొచ్చేస్తుంది, ఉప్పూ కారం లోపలికెళ్ళిపోతాయి. "ముక్క బాగా ఊరింది" అని మనం లొట్టలేసేది దాన్నే.

బూజుకీ ఇదే లెక్క. బూజు కూడా కణాలేగా, జాడీలో పడితే వాటి నీళ్ళూ ఉప్పు లాగేస్తుంది, మొలకెత్తలేవు. నేను ఉప్పు తగ్గించి వాటికి దారిచ్చా. తడి గరిట పెట్టొద్దని కేకలేసేది కూడా ఇందుకే, ఆ తడి తగిలిన చోట ఉప్పు పలచబడి బూజుకి కాస్త జాగా దొరుకుద్ది.

మాకు బళ్ళో కణం బొమ్మంటే ఆమ్లెట్‌లా గీసి మధ్యలో కేంద్రకం, అదే బాస్ అని చెప్పేవాళ్ళు. నాకైతే ఆ పొరే పెద్ద దిక్కనిపిస్తుంది. మన ఎర్ర రక్తకణంలో కేంద్రకమే ఉండదు, అయినా దాదాపు 120 రోజులు తిరుగుద్ది, అదే పొర చిరిగితే అప్పటికప్పుడే అయిపోయినట్టు. దాన్ని తీసుకెళ్ళి మంచినీళ్ళలో వేస్తే నీళ్ళు లోపలికెళ్ళి ఉబ్బి పగిలిపోద్ది, మామిడికున్నట్టు గోడ లేదు కదా. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు లెక్కగా ఉండేది అందుకే.

గోడ లేకుండా మన కణాలు పగలకుండా ఎలా ఉన్నాయంటే, ఆ పొరలో ఒక పంపు రాత్రీ పగలూ నడుస్తానే ఉంటది. ఒక్కో తిప్పుకి మూడు సోడియంలు బయటికి తోసి రెండు పొటాషియంలు లోపలికి తెస్తుంది, అందుకే లోపల లవణం పేరుకోదు, నీళ్ళు ఎగబడి రావు. 1957లో యెన్స్ స్కౌ అనే డెన్మార్క్ ఆయన పీతల నరాల్లో దీన్ని కనిపెట్టాడు, నోబెల్ వచ్చేసరికి 1997 అయింది, నలభై ఏళ్ళు! ఒక్కో తిప్పుకి ఒక ఏటీపీ ఖర్చు, ఏటీపీ అంటే కణం తన పనులకి వాడుకునే శక్తి అణువు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే, అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టాడు. ఇది చెప్తే మా పిల్ల "మన భీమవరమా?" అని రెండుసార్లు అడిగింది, మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంటుంది.

విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ కూడా ఆ పొర మీదే ఆధారపడిన మందు. పేగు కణాల పొరలో ఒక గేటు ఉంది, సోడియం, గ్లూకోజ్ జతగా వస్తేనే లోపలికి పంపుద్ది, వాటి వెనకాలే నీళ్ళు. కలరాలో మిగతావన్నీ తలకిందులైనా ఈ గేటు మాత్రం పనిచేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించాడు, నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. ఉప్పొక్కటే కలిపితే అంత పని జరగదు, పంచదారొక్కటే కలిపినా జరగదు, విరేచనాలప్పుడు ఉత్త గ్లూకోజ్ నీళ్ళు తాగించేవాళ్ళు మా చుట్టాల్లో ఇంకా ఉన్నారు.

ఇక నాన్న సంగతి. ఈసారి ఉప్పు తగ్గించలా, ముక్కలు తగ్గించాం, వారానికి రెండే అని ఒప్పందం. ఎంతవరకు పాటిస్తున్నాడో జాడీ మూత తీస్తే తెలుస్తూనే ఉంది.