నలుగురం, ఒకటే గది, పది రోజులు

మొన్న డిసెంబర్‌లో విపశ్యన (మౌనంగా ఉండి నేర్చుకునే ధ్యానం) పది రోజుల కోర్సుకి ధమ్మ సేవకి వెళ్ళొచ్చాను. ధ్యానానికి కూర్చోవడానికి కాదు, కూర్చున్నవాళ్ళకి సేవ చేయడానికి. ఇంటికి రాగానే అందరూ అడిగింది ఒకటే, "పది రోజులు మాట్లాడకుండా ఎలా ఉన్నావే?" అని. సేవకి వెళ్ళినవాళ్ళకి పూర్తి మౌనం ఉండదు, పనికి కావలసినంత మాట్లాడుకోవచ్చు, ధ్యానం చేసేవాళ్ళ చెవిన పడకూడదంతే. నాకు చెప్పాలని ఉన్నది మాత్రం వేరే. ముక్కూ మొహం తెలియని నలుగురు ఆడవాళ్ళం ఒకటే గదిలో, ఒకటే బాత్రూమ్‌తో, పొద్దున నాలుగింటికి గంట కొట్టే డ్యూటీతో ఎలా నెట్టుకొచ్చాం అన్నది.

తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. ఈ కోర్సుకి ఫీజు ఉండదు, ఇంతకుముందు కోర్సు పూర్తి చేసినవాళ్ళు ఇచ్చే దానాలతోనే నడుస్తుంది. సేవకి రావాలన్నా ముందు ఒక పది రోజుల కోర్సు పూర్తి చేసి ఉండాలి. నేను మొదటిసారి కూర్చున్నది హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర 1976 నుంచి నడుస్తున్న ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రంలో. అప్పుడు పొద్దున్నే గది బయట చిన్న గంట మోగితే లేచేదాన్ని తప్ప, ఆ గంట కొట్టే మనిషి ఎన్నింటికి లేచింది, రాత్రి ఎక్కడ పడుకుంది అన్న ఆలోచనే రాలేదు. ఈసారి వెళ్ళింది వేరే కేంద్రానికి. గంట నా చేతికొచ్చింది.

నాలుగింటికి గంట, నాలుగున్నరకి హాల్లో అందరూ ఉన్నారా చూడటం, ఆరున్నరకి టిఫిన్, పదకొండింటికి భోజనం, ఐదింటికి టీ, రాత్రి తొమ్మిదిన్నర దాటాక గదులన్నీ ఒకసారి చూసుకోవడం. మధ్యలో పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం రెండున్నరకి, సాయంత్రం ఆరింటికి సేవకులు కూడా గంటసేపు అందరితో పాటు ధ్యానానికి కూర్చోవాలి. పని ఎంత ఉన్నా ఇది తప్పదు. ఈ నియమం లేకపోతే మా గదిలో మూడో రోజుకే గొడవ అయ్యేదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే గొడవ దాదాపు అయింది. ఒంగోలు నుంచి వచ్చినావిడ సామానంతా పాలిథిన్ కవర్లలో తెచ్చుకున్నారు. బీపీ మాత్రలకో కవరు, సబ్బుకో కవరు, దువ్వెనకో కవరు, ఆ కవర్లన్నీ కలిపి ఇంకో పెద్ద కవర్లో. రాత్రి మూడున్నరకి ఆవిడ మాత్ర కోసం వెతుక్కుంటుంటే చీకట్లో ఆ కరకర చప్పుడు చెవిలో గుచ్చుకున్నట్టు ఉండేది. గంట వంతు నాదైతే అదే టైముకి లేస్తాను కాబట్టి పర్లేదు, వంతు లేని రోజు ఆ అరగంట నిద్రే నాకు ప్రాణం. మూడో రాత్రి ఆగలేక, "అక్కా, ఆ కవర్లు పగలే సర్దుకోవచ్చు కదా!" అన్నాను, కాస్త గట్టిగానే. ఆవిడ ఏమీ అనలేదు. పొద్దున టిఫిన్ అయ్యాక చూస్తే వరండాలో కూర్చుని ఒక్కో వస్తువూ కవర్లోంచి తీసి పాత తువ్వాల్లో మూట కడుతున్నారు. ఎనిమిదింటికి హాల్లో కూర్చున్న గంటసేపూ నాకు ఆ తువ్వాలే కళ్ళ ముందు. బయటికి రాగానే వెళ్ళి క్షమించమని అడిగాను. "ఏం కాదులేమ్మా, ఇంట్లో మా ఆయనా ఇదే అంటాడు" అన్నారు.

నిజామాబాద్ టీచరమ్మగారు మాత్రం మొదటి రోజే, బ్యాగు కింద పెట్టకముందే, "నాకు గురక వస్తదమ్మా, ముందే చెప్తున్న" అని తలుపు దగ్గరి మంచం తీసుకున్నారు. ముందే చెప్పారు కాబట్టి ఆ గురక మీద ఎవరికీ కోపం రాలేదు, నిజంగా. తలుపు గడియ తీస్తే కీచుమనేది, దానికి కొబ్బరినూనె రెండు చుక్కలు వేసిందీ ఆవిడే. ఆ రోజు నుంచి గంటకి వెళ్ళేవాళ్ళు ఎప్పుడు లేచారో మిగతా ముగ్గురికీ తెలిసేది కాదు. ఫ్యాను కావాలనే అమ్మాయి (హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం) ఫ్యాను కిందకి, నేను గోడ వైపుకి మంచాలు మార్చుకున్నాం. అంతటితో ఆ టెన్షన్ పోయింది.

ఇవన్నీ చిన్న విషయాలని కొట్టిపారేసేవాళ్ళతోనే నాకు పేచీ. కొన్నేళ్ళ క్రితం వరద సాయానికి ఒక సంస్థ తరఫున వెళ్ళాను. ఎనిమిది మంది ఆడవాళ్ళం ఒక స్కూలు గదిలో ఉన్నాం. బాత్రూమ్‌కి గడియ లేదు, ఒకరు వెళ్తే ఇంకొకరు బయట కాపలా. పనికి టైమే లేదు, పిలిస్తే అర్ధరాత్రైనా లేవాలి. మూడో రోజుకి సగం మంది వెళ్ళిపోయారు. వాళ్ళకి సేవాభావం తక్కువని అన్నారు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఒక గడియ బిగించి ఉంటే, రోజుకి ఆరు గంటల నిద్రకి హామీ ఇచ్చి ఉంటే వాళ్ళలో చాలామంది ఉండేవాళ్ళు.

తిరుమలలో శ్రీవారి సేవ సంగతి వేరు. అక్కడికి మేం ఊరి నుంచి బృందంగా వెళ్ళాం, పదిమందిమీ ఒకరికొకరం తెలుసు. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డించి వడ్డించి కాళ్ళు లాగుతుంటే పక్కనున్న పిన్ని, "నువ్వు కాసేపు కూర్చోవే, నీ వరస నేను చూస్తా" అనేది. తెలిసినవాళ్ళ మధ్య అలసట చెప్పకుండానే తెలిసిపోతుంది. కొత్తవాళ్ళ మధ్య ఆ వీలు ఉండదు, నేను అలిసిపోయానని నోరు తెరిచి చెప్పాలి, మొహమాటం కొద్దీ ఎవరం చెప్పం. అందుకే మా కోర్సు మేనేజర్ చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. పన్నెండున్నర నుంచి రెండింటి దాకా ఎవరు అడిగినా అడక్కపోయినా ఇద్దరిని గదికి పంపేసేది. "నేను బాగానే ఉన్నాను" అంటే వినేది కాదు. నిద్ర చాలని మనిషి చేతిలో గంట కూడా విసురుగానే మోగుతుంది, దాంతో నిద్ర లేచేది రోజంతా ధ్యానం చేయబోయే మనిషి.

పదకొండో రోజు పొద్దున దుప్పట్లు, దిండు గలీబులు విప్పి ఉతకడానికి కుప్ప వేశాం. టీచరమ్మగారు మళ్ళీ సీసా తీసి, మాకు అవసరం లేకపోయినా, గడియకి ఇంకో రెండు చుక్కలు వేశారు. "వచ్చేటోళ్ళకు" అన్నారు.

వచ్చే వేసవిలో మళ్ళీ సేవకి పేరు ఇచ్చాను. ఈసారి సామానంతా గుడ్డ సంచుల్లో సర్దుకుంటున్నాను, చిన్న నూనె సీసా కూడా పెట్టాను.