తన్నని పిస్టల్ కోసం మూడు దారులు

పాత టార్గెట్ పిస్టళ్లను సేకరించేవారిలో ఎక్కువమంది అరుదైన వాటి వెంట పడతారు. ఎంత తక్కువగా తయారైతే అంత గొప్ప అన్న లెక్క నాణేలకూ తపాలా బిళ్లలకూ సరిపోతుందేమో గాని, గురి కోసమే పుట్టిన యంత్రానికి సరిపోదని నా అభిప్రాయం. నా దగ్గరున్నవన్నీ 1960, 70 దశకాల్లో అప్పటి పశ్చిమ జర్మనీలో తయారై, పది మీటర్ల పోటీల్లో వాడిన ఎయిర్ పిస్టళ్లు. వీటిలో అపురూపమైనది ఒక్కటీ లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే, పేల్చినప్పుడు పిస్టల్ తన్నడమనే ఒకే చిక్కుకు మూడు కార్ఖానాలు మూడు వేర్వేరు పరిష్కారాలు కనిపెట్టిన తీరు బయటపడుతుంది. నేను వీటిని కొనేది దానికోసమే.

మన దేశంలో ఉండగా ఈ సరదా సాగలేదు. ఉద్యోగరీత్యా స్టుట్‌గార్ట్ ప్రాంతానికి వచ్చాక సంగతి మారింది. ఇక్కడ 7.5 జౌళ్ల శక్తికి మించని, గుర్తింపు ముద్ర ఉన్న ఎయిర్ పిస్టల్‌ను పద్దెనిమిదేళ్లు నిండినవారెవరైనా లైసెన్సు లేకుండా కొని ఇంట్లో ఉంచుకోవచ్చు. పైగా ఈ కథకు మూలమైన ఒబెర్న్‌డార్ఫ్ పట్టణం కూడా స్టుట్‌గార్ట్ మీదుగా పారే నెక్కర్ నది ఒడ్డునే, కొంత ఎగువన ఉంది.

ఒబెర్న్‌డార్ఫ్ అంటే ఒకప్పుడు మౌజర్ రైఫిళ్ల కార్ఖానా. 1945లో ఫ్రెంచి సైన్యం ఆ పట్టణాన్ని స్వాధీనం చేసుకుని కార్ఖానాను విప్పేయడంతో, అక్కడి ఇంజనీర్లకు చేతిలో నైపుణ్యం మిగిలింది గాని చేయడానికి పని లేకుండా పోయింది. వారిలో కొందరు 1949లో హెక్లర్ అండ్ కోఖ్ సంస్థను స్థాపించారు. మరో ఇద్దరు, కార్ల్ వెస్టింగర్, ఎర్న్‌స్ట్ ఆల్టెన్‌బర్గర్, అదే ఊళ్లో ఫైన్‌వెర్క్‌బావు అనే సంస్థను మొదలుపెట్టారు. ఓడిన జర్మనీలో తుపాకుల తయారీపై నిషేధం ఉండగా, అందులో ముందుగా సడలింపు దక్కినవి గాలి తుపాకులే. ఊరూరా ఉన్న షూటింగ్ క్లబ్బులు వాటితోనే మళ్లీ తెరుచుకున్నాయి. నిషేధం లేకపోతే ఎయిర్ పిస్టల్ ఇంత త్వరగా బొమ్మ స్థాయి దాటి పోటీ యంత్రంగా ఎదిగేది కాదని నాకు అనిపిస్తుంది.

ఇక ఆ చిక్కు సంగతి. స్ప్రింగు, పిస్టన్ ఉన్న గాలి తుపాకిలో ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, తుపాకి వెనక్కి తన్నుతుంది. మరుక్షణం పిస్టన్ గది చివర ఆగినప్పుడు తుపాకి ముందుకు ఊగుతుంది. ఈ రెండు కుదుపులూ పెల్లెట్ (చిన్న గుండు) బ్యారెల్ దాటకముందే జరిగిపోవడం అసలు ఇబ్బంది. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. గురి చూసే ముందు, వెనుక సైట్ల మధ్య 320 మిల్లీమీటర్ల దూరం ఉందనుకుంటే, వాటి వరసలో 0.2 మిల్లీమీటర్ల తేడా వచ్చినా టార్గెట్ దగ్గర అది 6 మిల్లీమీటర్లు దాటుతుంది. ఒంటిచేత్తో పట్టుకునే ఆయుధంలో అంతటి కుదుపు ఉంటే ఎంతటి షూటర్‌కైనా నిలకడ అసాధ్యం.

రాస్టాట్‌లోని డయానా కార్ఖానా, కుర్ట్ గిస్ రూపొందించిన పద్ధతిని చేపట్టింది. ఇందులో ఎదురెదురు దిశల్లో కదిలే రెండు పిస్టన్లు ఉంటాయి. ఒకటి గాలిని నెడితే, రెండోది కేవలం బరువుగా అదే వేగంతో వెనక్కి వెళ్తుంది. రెండింటినీ పళ్లచక్రం కలుపుతుంది. 1960లో వచ్చిన మోడల్ 6 పిస్టల్ ఈ పద్ధతిదే. కాగితం మీద ఇంతకన్నా అందమైన పరిష్కారం లేదు. కానీ విప్పినవాడు తిరిగి బిగించేటప్పుడు చక్రం ఒక్క పన్ను తప్పినా రెండు పిస్టన్ల పొందిక చెడిపోతుంది.

ఫైన్‌వెర్క్‌బావు వారు కుదుపును ఆపే ప్రయత్నమే చేయలేదు, అది చేతికి చేరకుండా చూశారు. 1965లో వచ్చిన మోడల్ 65లో బ్యారెల్, పిస్టన్ గది కలిసి పిడిపైన పట్టాల మీద, సొరుగు జరిగినట్టు, కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతాయి. పక్కన నిల్చున్నవారికి ఆ కదలిక కంటికి కనిపిస్తుంది, పట్టుకున్న చేతికి మాత్రం తెలియదు. దీనిలో నాకు మరీ ఇష్టమైనది ట్రిగ్గర్ బరువు మార్చే చిన్న మీట. ఒకవైపు తిప్పితే 500 గ్రాములు, అంటే ఎయిర్ పిస్టల్ నియమం ప్రకారం ఉండాల్సిన కనీస బరువు. రెండోవైపు తిప్పితే 1360 గ్రాములు. ఇది అప్పటి 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీకి, అంటే పెద్ద తూటాల పిస్టళ్ల పోటీకి, నిర్ణయించిన బరువు. జరిగే భాగాన్ని బిగించేసే ఏర్పాటు కూడా ఉంది గనుక, కావాలంటే తన్ను తెప్పించుకుని పెద్ద పిస్టల్ సాధన ఇంట్లోనే చేసుకోవచ్చు. సెంటర్ ఫైర్ పోటీలో ఇప్పుడు కనీస బరువు 1000 గ్రాములే. పాత నిబంధన ఉనికి ఆ మీటలో మిగిలిపోయింది.

వాల్టర్ సంస్థ మొదట ఎల్‌పీ 53తో స్ప్రింగు దారిలోనే నడిచింది. జేమ్స్ బాండ్ పోస్టర్లలో షాన్ కానరీ చేతిలో పొడవాటి బ్యారెల్‌తో కనిపించేది నిజానికి ఈ గాలి పిస్టలే. ఆ తర్వాత 1960ల చివర్లో వచ్చిన ఎల్‌పీ 2లో స్ప్రింగునే తీసేశారు. లివరుతో ఒక్కసారి గాలిని కుదించి నిలవచేస్తే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు కవాటం తెరుచుకుంటుంది. బరువైన భాగమేదీ కదలదు గనుక తన్నే ప్రసక్తే లేదు. చివరికి గెలిచింది ఈ ఆలోచనే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్ చేరేనాటికి తయారీదారులు నిలవ గాలి, కార్బన్ డయాక్సైడ్ పిస్టళ్లకు మళ్లారు.

ఈ సేకరణలో పరిశోధన అంటే గ్రంథాలయాల్లో కూర్చోవడం తక్కువ, భూతద్దంతో వస్తువును చదవడం ఎక్కువ. ఐదు భుజాల గడిలో ఎఫ్ అక్షరం ఉంటే అది 1970 తర్వాత జర్మనీలో అమ్మినదని అర్థం. ఎగుమతి అయినవాటికి ఆ ముద్ర అవసరం లేదు గనుక, ముద్ర లేనంత మాత్రాన పాతదని తేల్చేయకూడదు. పేర్లూ బోల్తా కొట్టిస్తాయి. యుద్ధం తర్వాత డయానా పేరూ యంత్రాలూ పరిహారం కింద స్కాట్లాండ్‌లోని మిల్‌బ్రో సంస్థకు చేరడంతో, రాస్టాట్ కార్ఖానా బ్రిటన్‌లో తన సరుకును 'ఒరిజినల్' అనే పేరుతో అమ్ముకోవలసి వచ్చింది. ఒకే పిస్టల్‌ను రెండు వేర్వేరు రకాలుగా జాబితాల్లో రాసుకున్నవారున్నారు.

నా 65కు ఉన్న వాల్‌నట్ పిడిలో బొటనవేలు ఆనేచోట ఎవరో కర్రపుట్టీ నింపి, ఆకురాయితో రుద్ది, తమ చేతికి తగినట్టు మలుచుకున్నారు. పుట్టీ అంచున కర్ర నల్లబడింది. అలాంటి పిడిని తీసేసి కొత్తది వేస్తే ధర పెరుగుతుందని చెప్పేవారు చాలామంది. పోటీల్లో పనిచేసిన పిస్టల్ అని చెప్పగలిగే ఏకైక ఆధారాన్ని చేజేతులా పారేసి, దాన్ని మరమ్మతు అనడం నాకు నచ్చదు. మళ్లీ నల్లరంగు పట్టించి, ముద్రల అంచులు అరిగేలా మెరుగుపెట్టినవాటిని నేను ఎంత చవకైనా కొనను.

మార్చక తప్పనివి మాత్రం గాలి బయటికి పోకుండా ఆపే సీళ్లు. ఆ కాలపు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలుతుంది. 65లో పిస్టన్ ముందున్న మెత్త, మోడల్ 6లో రెండు పిస్టన్ల సీళ్లు ఇలా చెడిపోయినవే ఎక్కువగా దొరుకుతాయి. అందుకే కొన్న వెంటనే పిస్టల్ బ్యారెల్ చివర తెల్లగుడ్డ పెట్టి, పసుపుపచ్చని ముక్కలు రాలుతున్నాయేమో చూస్తాను. రాలితే 65ను నేనే విప్పుకుంటాను, గిస్ పిస్టల్‌ను మాత్రం ఆ పళ్లచక్రాల సంగతి తెలిసిన పనివాడికే అప్పగిస్తాను.